బెండకాయ నొక్కితే వంకాయ ఎగిరింది

నేను హైదరాబాదులో ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఉద్యోగం చేస్తాను. కొన్నేళ్ల కిందట మా టీమ్ చేతిలో కూరగాయలు, కిరాణా ఇంటికి తెప్పించుకునే యాప్ ఒకటి ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి మా డిజైనర్ లాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గర నిలబడి ఉంది.

"చిన్న పనే. రేపటికి అయిపోతుంది కదా?"

ఆమె చూపించిన వీడియో నిడివి సెకను కూడా లేదు. కూరగాయ కార్డు మీద "యాడ్" నొక్కగానే బటన్ కాస్త కుంగి లేస్తుంది. లేస్తూనే ప్లస్, అంకె, మైనస్‌గా విచ్చుకుంటుంది. ఈలోగా కార్డులోని బొమ్మ పైకి లేచి, వంపు తిరిగి, కింద ఉన్న బుట్ట వైపు ఎగురుతుంది. ఆ బుట్ట ఉండే పట్టీ అప్పుడే స్క్రీన్ అడుగు నుంచి పైకి వస్తుంటుంది. బొమ్మ బుట్టలో పడగానే దాని మీద ఎర్ర చుక్కలోని అంకె ఎగిరిపడి మారుతుంది. మొత్తం ఐదు కదలికలు. ఒక్కొక్కటీ విడిగా రాయడానికి పది నిమిషాలు కూడా పట్టదు. అందుకే నేనూ "అయిపోతుంది" అన్నాను.

మూడు వారాలు పట్టింది.

మొదటిసారి చేతికి వచ్చినట్టు రాశాను. బటన్ కుంగడానికి 100 మిల్లీ సెకన్లు, అది అయ్యాక బొమ్మ ఎగరడానికి 350, అది అయ్యాక అంకె ఎగిరిపడడానికి 200. ఒకటి ముగిసిందని సిస్టమ్ పిలిచి చెప్పే కాల్‌బ్యాక్‌లో ఇంకోటి మొదలు. పట్టీ మాత్రం బొమ్మతోపాటు లేవాలి కాబట్టి దానికి హ్యాండ్లర్ పెట్టి, 150 మిల్లీ సెకన్ల తర్వాత మొదలవమని పోస్ట్ డిలేడ్ ఇచ్చాను. నా ఫోన్‌లో బ్రహ్మాండంగా ఆడింది. డిజైనర్ కూడా చూసి తలూపింది. ఇంకేం, టెస్టింగ్‌కి పంపేశాను.

మర్నాడు పొద్దున్నే టెస్టర్ వచ్చాడు.

"అన్నా, రెండు సార్లు నొక్కితే ఒకటే పడుతోంది."

"మెల్లగా నొక్కి చూడు."

"మెల్లగా నొక్కితే బానే ఉంది అన్నా. కానీ కస్టమర్ మెల్లగా నొక్కడు కదా."

నిజమే. నేను చేసిన తప్పు ఏమిటంటే, బుట్టలో అంకె పెంచే లైన్‌ని తీసుకెళ్లి బొమ్మ ఎగరడం పూర్తయ్యాక జరిగే చోట పెట్టాను. ఎగరేసేందుకు స్క్రీన్ మీద బొమ్మ చూపించే ఒకే ఒక్క ఉత్తుత్తి ఇమేజ్ వ్యూ (స్క్రీన్ మీది ఒక్కో ముక్కనీ వ్యూ అంటాం) ఉంచుకుని దాన్నే ప్రతిసారీ వాడాను. మొదటి ప్రయాణం సగంలో ఉండగా రెండోసారి నొక్కితే, అదే వ్యూ మీద కొత్త కదలిక మొదలై పాతది రద్దయిపోతుంది. నేను వాడిన వ్యూ ప్రాపర్టీ యానిమేటర్ అనే ఆండ్రాయిడ్ పనిముట్టులో విత్ ఎండ్ యాక్షన్ అని ఇచ్చే పని, కదలిక సక్రమంగా ముగిస్తేనే జరుగుతుంది. రద్దయితే జరగదు. అంటే కస్టమర్ రెండు కట్టల కొత్తిమీర అడిగితే మేం ఒక కట్టే లెక్కేసుకున్నాం.

సరే, అది మానేసి ఆబ్జెక్ట్ యానిమేటర్ అనే ఇంకో పనిముట్టుకి మారాను. అందులో ఆన్ యానిమేషన్ ఎండ్ అనే కాల్‌బ్యాక్ ఉంటుంది. దానిది సరిగ్గా తిరగబడ్డ స్వభావం. రద్దు చేసినా సరే, ముందు "రద్దయింది" అని చెప్పి, వెంటనే "ముగిసింది" అని కూడా చెబుతుంది. బొమ్మ గాల్లో ఉండగా ఎవరైనా బ్యాక్ నొక్కితే మేం యానిమేషన్‌ని రద్దు చేస్తాం, అది "ముగిసింది" అంటుంది, ఆ మాట నమ్మి నా కోడు తర్వాతి కదలికని మొదలుపెట్టబోతుంది. తీరా చూస్తే ఆ స్క్రీన్ అప్పటికే లేదు. క్రాష్. ఒకటేమో చెప్పాల్సినప్పుడు చెప్పదు, ఇంకోటి చెప్పకూడనప్పుడు చెబుతుంది. రెండూ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉన్నాయి. నేనే చదవలేదు.

ఆ వారం చివర్లో అదే టెస్టర్ మళ్లీ వచ్చాడు. ఈసారి అతని ఫోన్‌లో బొమ్మ ఎగరడమే లేదు, అంకె ఠక్కున మారుతోంది, పట్టీ మాత్రం కాస్త ఆలస్యంగా వస్తోంది. ఫోన్ మార్చి చూస్తే అంతా మామూలే. గంటసేపు తల పట్టుకున్నాక అతని సెట్టింగులు చూశాను. ఆటోమేటెడ్ టెస్టులు నడిపే ఫోన్ అది. ఎస్ప్రెసో అనే టూల్‌తో రాసిన టెస్టులు తడబడకుండా డెవలపర్ ఆప్షన్లలో, కదలికలు ఎంతసేపు సాగాలో చెప్పే మూడు యానిమేషన్ స్కేళ్లనూ ఆపేయమని చెబుతారు. అలా ఆపినప్పుడు యానిమేటర్లన్నీ మొదలైన క్షణంలోనే చివరికి చేరిపోతాయి. కానీ పోస్ట్ డిలేడ్‌కి ఆ స్కేలుతో సంబంధం లేదు. 150 మిల్లీ సెకన్లంటే 150 ఆగుతుంది. నా స్క్రీన్ మీద రెండు గడియారాలు నడుస్తున్నాయని అప్పుడు గానీ తెలియలేదు.

అదే స్కేలుని ఆపేయకుండా పది రెట్లకు పెంచి చూద్దామనిపించింది. ఈ పని చేస్తున్నవాళ్లకు నేను మొదట చెప్పే చిట్కా ఇదే. డెవలపర్ ఆప్షన్లలో యానిమేటర్ డ్యురేషన్ స్కేల్‌ని 10 దగ్గర పెట్టండి. మామూలుగా కంటికి అందని సెకను, పది సెకన్లుగా సాగుతుంది.

పెట్టి చూస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. బటన్ ఇంకా నింపాదిగా కుంగుతూనే ఉంది, పట్టీ అప్పుడే కదలడం మొదలుపెట్టింది. బొమ్మ బయల్దేరేసరికి నేను లిస్టుని కొంచెం పైకి తోశాను. బెండకాయల మీద నొక్కితే గాల్లోకి లేచింది వంకాయ! లిస్టు స్క్రోల్ అయ్యేటప్పుడు రీసైక్లర్ వ్యూ పాత కార్డులనే తీసుకుని కొత్త వస్తువులకు వాడుకుంటుంది కదా. నా కోడు బటన్ కుంగడం అయ్యేదాకా ఆగి, అప్పుడు కార్డులోంచి బొమ్మ తీసుకుంటోంది. ఆలోపు ఆ కార్డు వంకాయకి వెళ్లిపోయింది. మామూలు వేగంలో ఇది ఎవరి కంటా పడేది కాదేమో. కానీ చవక ఫోన్లు తడబడినప్పుడు ఎక్కడో ఒకరికి తప్పకుండా పడి ఉంటుంది.

ఇంకోటి కూడా అప్పుడే కనిపించింది. బుట్ట ఖాళీగా ఉండి మొదటి వస్తువు వేసినప్పుడు మాత్రం, బొమ్మ స్క్రీన్ అడుగు దాటి ఎక్కడికో పోతోంది. బుట్ట ఎక్కడుందో అడిగే గెట్ లొకేషన్ ఇన్ విండో అనే ఫంక్షన్, వ్యూని మనం జరిపిన దూరాన్ని కూడా కలిపి చెబుతుంది. అడిగిన క్షణంలో పట్టీ ఇంకా స్క్రీన్ కిందే దాక్కుని ఉంది. బొమ్మ పాపం చెప్పిన చోటికే వెళ్లింది. ఆ జరుగుడుని లెక్కలోంచి తీసేసి, పట్టీ చివరికి ఎక్కడ ఆగుతుందో అక్కడికి పంపితే సరిపోయింది.

ఆ శనివారం ఊరికి వెళ్లాను. శ్రీరామనవమి దగ్గర పడుతోంది, గుడి ముందు ఆడవాళ్ల కోలాటం ప్రాక్టీసు. మా పెద్దమ్మ ఆ జట్టులో ఉంటుంది. కొత్తగా చేరిన ఒకమ్మాయి పక్కామె కర్ర తన కర్రకి తగిలాకే తర్వాతి అడుగు వేస్తోంది. ఎవరో ఒకరు కొంచెం ఆలస్యమైతే ఆ ఆలస్యం వలయమంతా పాకుతోంది. పెద్దమ్మ విసుక్కుంది: "కర్రని చూడకే తల్లీ, తాళం విను." మధ్యలో నిలబడిన గురువు చేతిలో తాళాలు. ఆయన వేగం పెంచితే అందరి వేగం పెరుగుతోంది, ఆపితే అందరూ ఆగుతున్నారు. నేను రాసింది ఆ అమ్మాయి కోలాటమే. ప్రతి కదలికా తన ముందు కదలిక ముగిసిందా అని ఎదురుచూస్తోంది.

సోమవారం వచ్చి కాల్‌బ్యాక్‌ల గొలుసు మొత్తం తీసేశాను. ఇలాంటి వాటికోసం ఆండ్రాయిడ్‌లో యానిమేటర్ సెట్ అని ఉంది. ప్లే టుగెదర్, ప్లే సీక్వెన్షియల్లీ అని చెబితే కలిపో, వరసగానో ఆడిస్తుంది. ముందు దాన్నే చూశాను. కానీ దాన్ని వెనక్కి తిప్పే రివర్స్, ఫలానా చోటికి జరిపే సౌకర్యం రెండూ ఆండ్రాయిడ్ 8 నుంచే ఉన్నాయి. మా యాప్ అంతకన్నా పాత ఫోన్లలోనూ నడవాలి. అందుకని ఒకే ఒక వాల్యూ యానిమేటర్ పెట్టుకున్నాను. అది 600 మిల్లీ సెకన్లలో 0 నుంచి 1 దాకా వెళ్తుంది. అదే తాళం. ప్రతి కదలికకీ ఆ 600లో ఒక వాటా ఇచ్చాను. బటన్‌కి 0 నుంచి 100, బొమ్మకి 80 నుంచి 430, పట్టీకి 150 నుంచి 400, అంకెకి 400 నుంచి 600. ప్రతి ఫ్రేములో తాళం ఎక్కడుందో చూసి, ఎవరి వాటాలో వాళ్లు ఎంత దూరం వచ్చారో లెక్కగట్టి వాటిని అక్కడ పెట్టడమే. వాటా ఇంకా మొదలవకపోతే 0, దాటిపోతే 1.

ఇలా చేస్తే అయాచితంగా దొరికిన లాభం ఏమిటంటే వాటాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవచ్చు. బటన్ ఇంకా లేస్తుండగానే బొమ్మ బయల్దేరుతుంది, బొమ్మ పూర్తిగా పడకముందే అంకె కదులుతుంది. గొలుసులో ఇది కుదరదు, అందుకే పాత వెర్షన్ చూడ్డానికి ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టినట్టు ఉండేది. డిజైనర్ పదేపదే "ఏదో అతుకులు అతుకులుగా ఉంది" అన్నది దీని గురించేనని ఇప్పుడర్థమైంది.

ఇక్కడా రెండు దెబ్బలు తిన్నాను. మొదటిది: బొమ్మ ఎగురుతున్న తీరు డిజైన్‌లో ఉన్నట్టు లేదు, మొదట్లో బద్ధకంగా, మధ్యలో మరీ దూకుడుగా ఉంది. వాల్యూ యానిమేటర్‌కి మనం ఏమీ చెప్పకపోతే అది మెల్లగా మొదలై, వేగం పుంజుకుని, మెల్లగా ఆగే పద్ధతిలో నడుస్తుంది. నేను ప్రతి వాటాలోనూ విడిగా అలాంటి ఒడుపే పెట్టాను. తాళమే ఊగుతుంటే దాని మీద అడుగు కూడా ఊగింది. తాళానికి లీనియర్ ఇంటర్పోలేటర్ ఇచ్చి సమవేగం చేశాక సర్దుకుంది. రెండోది: అంకె ఎగిరిపడడం పోయింది, ఊరికే పెద్దదై ఆగిపోతోంది. ఎగిరిపడడమంటే గీత దాటి కొంచెం ముందుకెళ్లి వెనక్కి రావడం, అంటే విలువ 1ని దాటాలి. నేనేమో అతి జాగ్రత్తకు పోయి, చివర్లో వచ్చిన విలువని 0, 1 మధ్య కట్టేశాను. కట్టడం ఒడుపు వేయకముందు చేయాలి, వేశాక కాదు. ఒక్క లైను పైకి జరిపితే అంకె మళ్లీ గెంతింది.

అంతా అయిపోయిందనుకుని పది రెట్ల స్కేలు పెట్టి గబగబా మూడుసార్లు ప్లస్ నొక్కాను. ఒకే తాళం, ఒకే బొమ్మ. రెండోసారి నొక్కగానే మొదటి బొమ్మ గాల్లోంచి మాయమై మళ్లీ కార్డు దగ్గర నుంచి మొదలైంది, పట్టీ కూడా కిందికి పడి మళ్లీ లేచింది. కోలాటంలో ఒక పాట నడుస్తుండగా మూడు పాటలు మొదలవవు. ఇక్కడ మొదలవుతాయి. పోలిక అక్కడితో చెల్లిపోయింది.

ఆ రోజు సాయంత్రం కాగితం మీద ఐదు కదలికల పేర్లూ రాసి, ఒక్కోదాన్నీ ఒకే ప్రశ్న అడిగాను: నువ్వు ఒక నొక్కుకి సంబంధించినదానివా, బుట్టలో ఉన్న లెక్కకి సంబంధించినదానివా? బొమ్మ ఎగరడం, బటన్ కుంగడం, అంకె గెంతడం నొక్కుకి సంబంధించినవి. ఎన్ని నొక్కులైతే అన్నిసార్లు జరగాలి. పట్టీ కనిపించడం, బటన్ ప్లస్ మైనస్‌గా విచ్చుకోవడం లెక్కకి సంబంధించినవి. బుట్టలో ఏదైనా ఉంటే పట్టీ ఉండాలి, లేకపోతే ఉండకూడదు. ఎన్నిసార్లు నొక్కారన్నది దానికి అనవసరం.

ఈ విభజన అయ్యాక కోడు సగానికి తగ్గింది. నొక్కగానే, ఏ యానిమేషన్ కోసమూ ఆగకుండా, బుట్ట లెక్క మారిపోతుంది. లెక్క మారినప్పుడల్లా ఒకే ఫంక్షన్ పట్టీకి "నువ్వు ఉండాల్సిన చోటు ఇది" అని చెబుతుంది. పట్టీ అప్పుడు ఎక్కడుంటే అక్కడి నుంచే కదులుతుంది. పాత కోడులో నేను ప్రతిసారీ దాన్ని ముందు కిందికి పెట్టి తర్వాత పైకి లేపేవాణ్ణి, అందుకే ఆ ఎగుడుదిగుడు. ఇప్పుడు ప్లస్ నొక్కి, పట్టీ సగం లేచేలోపు మైనస్ నొక్కినా, ఉన్నచోటు నుంచే మర్యాదగా వెనక్కి దిగుతుంది. ఇక ప్రతి నొక్కుకీ ఒక కొత్త బొమ్మ, దానికో సొంత తాళం.

ఆ కొత్త బొమ్మని కార్డులోంచి నొక్కిన క్షణంలోనే నకలు తీసి, మిగతావాటన్నిటి పైన ఉండే వ్యూ గ్రూప్ ఓవర్‌లే అనే పొర మీద పెట్టాను. బెండకాయ బెండకాయగానే ఎగరసాగింది. దీనికీ ఒక పూట పోయింది, బొమ్మ అస్సలు కనబడకపోవడం వల్ల. ఓవర్‌లే తన మీద పెట్టిన వ్యూలను కొలవదు, అమర్చదు. కొలతా, స్థానమూ మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే సైజు సున్నా. సున్నా సైజు బెండకాయ ఎంత అందంగా ఎగిరినా ఎవరికీ కనపడదు.

అన్నట్టు, మొదట్లో నన్ను క్రాష్‌ల పాలు చేసిన ఆ ఆన్ యానిమేషన్ ఎండ్ గుణమే ఇప్పుడు నాకు అక్కరకొచ్చింది. రద్దయినా సరే "ముగిసింది" అని చెబుతుంది కాబట్టి, ఎగిరిన బొమ్మని ఓవర్‌లే మీంచి తీసేసే పని అక్కడ పెట్టాను. ఎలా ముగిసినా చెత్త మిగలదు. స్క్రీన్ మూసేటప్పుడు గాల్లో ఉన్నవాటన్నిటినీ నిర్భయంగా రద్దు చేస్తాను, ఎందుకంటే లెక్క వాటి మీద ఆధారపడి లేదు.

ఆఫీసులో 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్ ఒకటి ఉండేది, అందరం దాన్ని "తాతగారు" అనేవాళ్లం. తాతగారి మీద ఇంకా తడబాటు ఉంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16 మిల్లీ సెకన్ల చిల్లర. ఒక్కో ఫ్రేముకి ఎంత సమయం పట్టిందో చూపే రెండరింగ్ ప్రొఫైల్ బార్లు ఆన్ చేస్తే, పట్టీ లేచే సమయంలో బార్లు ఆ 16 మిల్లీ సెకన్ల పచ్చగీతని దాటి తాటిచెట్లలా లేస్తున్నాయి. పట్టీ లిస్టుని కప్పేయకూడదని, ప్రతి ఫ్రేములోనూ లిస్టు కింద వదిలే ఖాళీని, అంటే ప్యాడింగ్‌ని, కొంచెం కొంచెం పెంచుతున్నాను. ప్యాడింగ్ మారిన ప్రతిసారీ లిస్టు మొత్తం మళ్లీ కొలుచుకుని అమర్చుకోవాలి. ప్యాడింగ్ ఒక్కసారే పెట్టేసి, పట్టీని మాత్రం, మళ్లీ కొలవకుండా చోటు మాత్రమే మార్చే ట్రాన్స్‌లేషన్‌తో జరిపాను. బార్లు గడ్డి ఎత్తుకి దిగాయి.

తర్వాత కొన్నాళ్లకి ఆ స్క్రీన్‌ని, ఆండ్రాయిడ్ స్క్రీన్లు రాసే కొత్త పద్ధతి అయిన జెట్‌ప్యాక్ కంపోజ్‌లోకి మార్చాం. 2021 జూలైలో కంపోజ్ 1.0 వచ్చినప్పుడే నాకు మనసు లాగింది గానీ, పాత కోడు మీద చెయ్యి వేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మార్చేటప్పుడు చూస్తే నేను కాగితం మీద గీసుకున్న విభజనే అందులో రెండు వేర్వేరు పనిముట్లుగా ఉంది. లెక్కకి సంబంధించిన వాటికి అప్‌డేట్ ట్రాన్సిషన్, నొక్కుకి సంబంధించిన వాటికి యానిమేటబుల్‌తో కొరూటీన్ (మధ్యలో ఆగి మళ్లీ సాగగల పని). వరసగా జరగాలంటే లైన్లు ఒకదాని కింద ఒకటి రాయడమే, కలిసి జరగాలంటే ఒక్కోదాన్నీ లాంచ్‌లో పెట్టడమే. స్క్రీన్ పోతే దాని కొరూటీన్లూ వాటంతటవే పోతాయి. స్ప్రింగ్ వాడితే, మధ్యలో దారి మళ్లించినా అప్పటి వేగాన్ని పోగొట్టుకోకుండా మలుపు తిరుగుతుంది. పాత పద్ధతిలో పట్టీ సగంలో దిశ మార్చుకునేటప్పుడు కనిపించే చిన్న కుదుపు దీనితో పోయింది. కుదుపు ఉందని నాకు తప్ప ఎవరికీ తెలియదనుకోండి.

అక్కడా ఊరికే పోలేదు. కదిలే విలువని, స్క్రీన్‌లో ఒక ముక్కని వర్ణించే కంపోజబుల్ ఫంక్షన్ లోపలే చదివి మామూలు ఆఫ్‌సెట్‌కి ఇచ్చాను. లేఅవుట్ ఇన్‌స్పెక్టర్‌లో, ఆ ఫంక్షన్ ఎన్నిసార్లు మళ్లీ నడిచిందో చెప్పే రీకంపోజిషన్ అంకె ఆటో మీటరులా తిరిగింది. గ్రాఫిక్స్ లేయర్‌కి ఇచ్చే లాంబ్డా అనే చిన్న కోడు ముక్కలోకి ఆ చదవడాన్ని జరిపితే, గీసే దశలో మాత్రమే చదువుతుంది. మీటరు ఆగింది.

డిజైనర్‌కి ఇంకో కోరిక ఉండేది. మైనస్ నొక్కినప్పుడు బుట్టలోంచి బొమ్మ లేచి కార్డులోకి తిరిగి రావాలని. చేసి చూపించాను కూడా. ఇద్దరం పది నిమిషాలు ప్లస్, మైనస్ నొక్కుకుంటూ కూర్చున్నాం. చివరికి ఆమే అంది, "వద్దులే, మనం తీసేసుకుంటున్నట్టు ఉంది." తీసేశాం.

విడుదలకి ముందురోజు టెస్టర్ తన ఫోన్ పట్టుకొచ్చాడు, యానిమేషన్లన్నీ ఆపేసిన అదే ఫోన్. యాడ్ నొక్కాడు. ఏమీ ఎగరలేదు, ఏమీ గెంతలేదు. బటన్ ఉన్నపళంగా ప్లస్ మైనస్ అయింది, పట్టీ వచ్చి కూర్చుంది, అంకె 1 అయింది. గబగబా ఏడెనిమిది సార్లు నొక్కాడు. లెక్క సరిగ్గా ఉంది.

"అన్నా, ఏమనుకోకు గానీ" అన్నాడు, "నాకు ఇదే బాగుంది."